ఎడమది మూగది

"ముందు చెప్పులు మార్చి చూడండి అన్నయ్యగారూ. అన్నీ సర్దుకుంటాయి."

ఇయర్‌ఫోన్ల షాపావిడ ఫోనులో అన్నది ఇదీ అని ఖంగు బాబాయ్‌కి ఆయన ఎడమచెవి నివేదించింది. మామూలుగా ఫోను కుడిచెవికే ఆనించుకునే మనిషి. ఇవాళ కుడిచేతికి ఇయర్‌ఫోన్ల తీగ చుట్టుకుపోయి ఉండటంతో ఎడమచేతికి పని పడింది.

"ఏం మార్చాలమ్మా?"

"అవేనండీ! ఇంకో రెండు జతలు మీ దగ్గరే ఉన్నాయిగా, చిన్నవీ పెద్దవీ. పెద్దవి వేస్తే గట్టిగా పడతాయి."

బాబాయ్ ఫోను పెట్టేసి విసురుగా వంటింట్లోకి నడిచాడు.

"విన్నావా? మూడోసారి కూడా పాడు సరుకే అంటగట్టి, పైగా చెప్పులు మార్చుకోమంటోంది! పెద్దవైతే గట్టిగా పడతాయట!"

ఆయన భార్య పొయ్యి తగ్గించి ఇటు తిరిగింది. "మీకు పడతాయా, మీ మీద పడతాయా?"

"అది తేల్చి చెప్పలేదు."

"అయినా చెప్పులకీ చెవులకీ సంబంధం ఏమిటండీ?"

"రెండూ జతగా ఉంటాయి. రెంటినీ గుమ్మం బయటే వదిలేసి మాట్లాడేవాళ్ళు కొందరుంటారు. ఆవిడ ఆ రకం!"

ఖంగు బాబాయ్ అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, కప్పులు పెట్టిన పేరు. ఆయన పింగాణీ ఫ్యాక్టరీలో చెకింగు బల్ల దగ్గర పని చేస్తాడు. బట్టీలోంచి వచ్చిన ప్రతి కప్పునూ సన్నటి చెక్కపుల్లతో తట్టి, మోత వింటాడు. కంటికి కనిపించని బీట చెవికి దొరుకుతుంది. బాగున్న కప్పు ఖంగుమంటుంది, బీటవారింది టప్పుమంటుంది. "ఖంగంటే కప్పు, టప్పంటే తప్పు" అని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పి, ఆ పాఠానికి తనే ముందుగా నవ్వుతాడు.

ఈమధ్య ఆ నవ్వు తగ్గింది. ఒక హోటలుకు పంపిన పెట్టె తిరిగి వచ్చింది. వేడి టీ పోయగానే కప్పులు కప్పుల్లా నిలవలేదట, చిప్పల్లా విడిపోయాయట. కొత్త సూపర్‌వైజరు మేడమ్ బల్ల దగ్గరకొచ్చి, "ఇవి ఎవరి చెవి దాటి పోయాయి?" అని అడిగింది.

"నా చెవి దాటలేదు మేడమ్. ప్యాకింగువాళ్ళ చేతులు దాటాయి" అన్నాడు బాబాయ్. ప్యాకింగువాళ్ళు గొల్లుమన్నారు. ఎవరి మాట నమ్మాలో తేలక మేడమ్ ఒకటే చెప్పింది: "ఇంకో పెట్టె తిరిగొస్తే మాత్రం ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు."

ఆ కుర్చీ లేని బాబాయ్‌ని బాబాయే ఊహించుకోలేడు. కుర్చీ పోతే 'ఖంగు' పోయి ఉత్త 'బాబాయ్' మిగులుతాడు. అలాంటి బాబాయిలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

సరిగ్గా ఆ సమయంలోనే ఇయర్‌ఫోన్ల గొడవ మొదలైంది. ఆయన భార్య ఇంట్లో కూర్చుని, ఆఫీసు మీటింగుల రికార్డింగులు విని టైపు చేస్తుంది. కింద వాటాలో కొత్తగా వడ్రంగి దిగాడు. ఆయన రంపం మోగినప్పుడల్లా ఆవిడ వినే మీటింగులో అధ్యక్షులవారు ముక్కలు ముక్కలవుతున్నారు. చెవి లోపలికి బిగుసుకుని బయటి రొదను ఆపే రకం ఇయర్‌ఫోన్లు కావాలంది.

"కొనేది నువ్వైనా, వినేది ముందు నేను. నేను పాస్ చేయకుండా ఈ ఇంట్లోకి గరిటె కూడా రాలేదు" అన్నాడు బాబాయ్.

"తెలుసు లెండి. పెళ్ళిచూపుల్లో నన్నూ తట్టి చూసే ఉంటారు."

"మరి! ఖంగుమన్నావు. ఇప్పటికీ ఖంగుమంటూనే ఉన్నావు."

ఆయన పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మొదట ఇయర్‌ఫోన్ డొక్కను గోటితో తట్టి వినడం. తర్వాత తీగను షర్టు గుండీకి రాసి, ఆ బరబర చెవిలోకి ఎంత పాకుతుందో చూడటం. చివరికి పాట. మొదటి జత పెట్టుకుంటే కుడివైపు పాటా, మద్దెలా, పాడేవాడి ఊపిరీ అన్నీ వినిపించాయి. ఎడమవైపు పాట పక్కింట్లో దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. "ఎడమది మూగది" అని తీర్పిచ్చి వాపసు చేశాడు. రెండో జతకూ అదే తీర్పు. ఇవాళ మూడోది. తీర్పు మారలేదు, ఆ తీర్పు ఫోనులో వినిపించబోతేనే ఈ చెప్పుల మాట వచ్చింది.

బాబాయ్ బీరువా పైనుంచి పెళ్ళిళ్ళకు మాత్రమే దిగే నల్లబూట్లు దించి, తుడిచి, తొడుక్కుని, షాపుకు వెళ్ళాడు. గాజుబల్ల ముందు నిలబడి కాలు కొంచెం ముందుకు పెట్టాడు.

"ఇదిగోనమ్మా, మార్చాను! ఇప్పుడు మోగుతుందా?"

షాపావిడ బల్ల మీదుగా తొంగి చూసింది. పాతికేళ్ళుగా రకరకాల మనుషులను చూసిన మనిషి కాబట్టి, "బాగున్నాయి అన్నయ్యగారూ" అని మాత్రం అని, ఇయర్‌ఫోన్లు అందుకుంది. రబ్బరు తొడుగులు తీసి తనకు సరిపోయేవి తగిలించి, తన చెవుల్లో పెట్టుకుంది. తల ఊపింది. ఆ ఊపు ఆగేట్టు లేదు.

"రెండూ పలుకుతున్నాయండీ. బ్రహ్మాండంగా."

"నాకు ఎడమది పలకదే!"

"ఒక్క పని చేయండి. ఎడమదాన్ని తీసి కుడిచెవిలో పెట్టుకోండి."

ఆవిడే తొడుగులు మార్చి ఇచ్చింది. పెట్టుకున్నాడు. ఎడమది కుడిచెవిలో కోయిలైపోయింది. కుడిదాన్ని తెచ్చి ఎడమచెవిలో పెట్టుకున్నాడు. అంతసేపూ పాడిన కుడిది ఠక్కున దుప్పటి కప్పుకుంది.

మూగది ఇయర్‌ఫోన్ కాదు.

షాపావిడ స్టూలు జరిపి, "కూర్చోండి" అంది. బాబాయ్ కూర్చున్నాడు. ఆయన కళ్ళముందు పాటలు లేవు, షాపు లేదు, చెకింగు బల్ల ఉంది. ఆ బల్ల దగ్గర ఆయన కుడివైపు ప్యాకింగువాళ్ళ రొద. కప్పులు ఉండేది ఎడమవైపు. ఇన్నాళ్ళూ కప్పులను పెడచెవినే పెట్టాడన్నమాట.

భార్య మర్నాడే చెవి డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, సన్నటి గొట్టంతో నీళ్ళు కొట్టి, పరికరంతో తవ్వి, చివరికి ఒక ముద్దను ట్రేలో వేసింది.

"గులిమి, దాని మీద మీ ఫ్యాక్టరీ దుమ్ము, దాని మీద మళ్ళీ గులిమి. ఇంకొంచెం ఆగి వస్తే ఒక చిన్న కప్పు చేసేవాళ్ళం" అంది.

"హ్యాండిలుతో సహానా?" అన్నాడు బాబాయ్. తన గొంతు తనకే రెండువైపులా వినిపించి ఉలిక్కిపడ్డాడు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. ఎడమచెవి చాలావరకు తిరిగొచ్చింది గానీ, మరీ సన్నటి మోతలు ఇక కొంచెం తక్కువగానే వినిపిస్తాయట. బట్టీ ఫ్యాన్ల దగ్గర చెవులు మూసుకోకుండా తిరగొద్దంది.

ఇంటికొచ్చాక భార్య ఇయర్‌ఫోన్ల పెట్టె తెరిచి, అడుగునున్న రబ్బరు తొడుగుల పొట్లం పైకెత్తింది. చిన్నవొక జత, పెద్దవొక జత. పక్కనున్న కాగితం చదివింది. "వీటిని టిప్పులు అంటారటండీ. ఆవిడ మార్చమన్నది..."

బాబాయ్ గుమ్మం దగ్గరున్న తన నల్లబూట్లవైపు చూసుకున్నాడు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ముందు ఆగిపోయింది బాబాయ్.

"ఇప్పుడు వినిపిస్తోందిగా. ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నాడు మెల్లగా.

"గోడౌన్లో మీరు పాస్ చేసిన పెట్టెలున్నాయి కదండీ?"

ఒక చెవితో విని మరో చెవితో వదిలేయడం బాబాయ్‌కి పాత అలవాటు. ఇప్పుడు రెండు చెవులూ తెరిచే ఉన్నాయి, అయినా ఆ మాట మాత్రం బయటికి పోలేదు.

పొద్దున్నే భార్యను అడిగి ఇయర్‌ఫోన్లు జేబులో వేసుకుని, మేడమ్ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఆ పెట్టె ప్యాకింగువాళ్ళది కాదు. నాది. నా ఎడమచెవిది." జరిగింది చెప్పాడు. "గోడౌన్లో ఉన్నవన్నీ మళ్ళీ తడతాను. కాకపోతే తట్టడానికి పనికొస్తానో లేదో ముందు మీరు నన్ను తట్టి చూడండి."

"ఎలా?" అంది మేడమ్.

బాబాయ్ ఇయర్‌ఫోన్లు తీశాడు. పాట పెట్టలేదు. పెద్ద టిప్పు తగిలించి, చెవిని పైకీ వెనక్కీ లాగి, ఎడమచెవిలో గట్టిగా బిగించాడు. ఆ పక్క ఫ్యాక్టరీ మాయమైంది. "ఇప్పుడు నాకు కుడిచెవి ఒక్కటే. నేను అటు తిరుగుతాను. మంచివీ చెడ్డవీ కలిపి తట్టండి."

ప్యాకింగువాళ్ళు పని వదిలేసి చుట్టూ మూగారు. వాళ్ళలో పెద్దావిడ బీట తేలినవాటి బుట్టలోంచీ మంచివాటి వరసలోంచీ ఏరి కప్పులు అందిస్తుంటే మేడమ్ తట్టింది.

"ఖంగు. ఖంగు. టప్పు. ఖంగు. టప్పు... ఆగండి, ఇది కప్పు కాదు, సాసరు!"

"నేనే ఇచ్చాను బాబాయ్, నిన్ను చూద్దామని" అంది పెద్దావిడ. అందరూ నవ్వారు. కుడిచెవి ఒక్కటీ తప్పలేదు. తర్వాత కుడిచెవిని మూసి ఎడమచెవిని పరీక్షించారు. మోటు బీటలన్నీ పట్టుకుంది, సన్నవి కొన్ని జారిపోయాయి. అవి జారినప్పుడల్లా బాబాయ్ మెడ కొంచెం వంగింది.

మేడమ్ చేతిలోని పుల్లను బల్ల మీద పెట్టింది. "దాచి ఉంటే కుర్చీ పోయేది. చెప్పారు కాబట్టి కుర్చీ తిరుగుతుంది" అంటూ తనే వంగి, కుర్చీని బల్లకు అవతలివైపుకు జరిపింది. ఇప్పుడు కప్పులు కుడిచెవివైపు. "గోడౌన్ పెట్టెలతో మొదలుపెట్టండి. ఫ్యాన్ల దగ్గరకు వెళ్ళేటప్పుడు మాత్రం రెండూ బిగించుకోండి."

"ఇవి మా ఆవిడవి మేడమ్. ఇవాళ అరువు. సాయంత్రం నా కోసం వేరే జత కొనుక్కుంటాను."

ప్యాకింగు పెద్దావిడ మొదటి పెట్టె మోసుకొచ్చి బల్ల మీద దించింది. ఆవిడ వెనకే మిగతావాళ్ళు.

"మా మీద పడ్డ నింద సంగతి తర్వాత చూసుకుందాం బాబాయ్" అంది. "మొన్న నువ్వు పెళ్ళిబూట్లేసుకుని బజారులో చిందులు తొక్కుతూ పోతుంటే మావాళ్ళు చూశారట. ఎవరి పెళ్ళికని ఇక్కడ పందేలు కూడా కాశారు. అదేమిటో ముందు చెప్పు."

"చెప్పు! అసలు గొడవంతా ఆ మాటతోనే" అన్నాడు బాబాయ్. మేడమ్ కూడా వెళ్ళబోతూ ఆగింది. ఆయన ఇయర్‌ఫోన్ చివరనున్న రబ్బరు టిప్పును ఊడదీసి, అందరికీ కనిపించేలా వేలికొసన నిలబెట్టాడు. "ముందు మిమ్మల్ని అన్నందుకు నన్ను క్షమించండి. అందరూ దగ్గరకు రండి, ఒక్కసారే చెబుతాను. దీన్ని టిప్పు అంటారు. షాపావిడ పాపం 'టిప్పులు మార్చి చూడండి' అంది. నా ఎడమచెవిలో మన ఫ్యాక్టరీ మట్టి అడ్డంపడి, ఆ టిప్పు కాస్తా చెప్పయింది!"