దారం కొలత

జోహెర్ అవ్వ గడప దాటేసరికి అరెజ్కి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె చేతిలో ఉన్నది తెల్లటి ఉన్ని దారం. అంతే. కత్తి చూసినా అతను అంత భయపడేవాడు కాదు.

పుట్టిన ఏడు ఎవరికీ గుర్తుండని కొండ ఊరు అది. పిల్ల పెళ్లికి వచ్చిందో లేదో దారమే చెప్పాలి. మెడ చుట్టూ కొలిచి, దానికి రెండింతలు తీసి, రెండు కొసలూ పిల్ల పళ్ల మధ్య పెడతారు. మిగిలిన ఉచ్చు తల మీదుగా వెనక్కి దిగిందా, ఈడేరినట్టే. దిగలేదా, ఇంకా పసిది. ఈడేరిన పిల్లను ఇంట్లో ఉంచుకున్న తండ్రిని ఊరి పెద్దల సభ, జమాత్, వెలివేస్తుంది. ఊటబావి దగ్గర నీళ్లు కూడా పుట్టవు.

రెండేళ్లు ఆగుదామని అతను జమాత్‌లో అడిగాడు. నీ మాట ఎందుకు, దారం మాట విందాం అన్నారు పెద్దలు.

వాకిట్లో అంజూరాలు ఆరబోసిన చాప పక్కన హమ్మూ కూర్చున్నాడు. నూనె గానుగ అతనిది. పిల్లను అడిగింది అతని కొడుక్కే.

"ఏమయ్యా వియ్యంకుడా, ముఖం అలా పెట్టావు? పెళ్లా, శవయాత్రా?"

అరెజ్కి నిలబడే ఉన్నాడు.

"కూర్చోరాదూ. గాడిద బేరానికైనా ఇంతసేపు నిలబడరు."

"గాడిద వయసు పళ్లు చూస్తే తెలుస్తుంది" అన్నాడు అరెజ్కి.

అరెజ్కి భార్య వర్దియాను కొలిచిందీ ఈ అవ్వే. ఆ రోజు దారం చెవుల దగ్గర ఆగిందట. జుట్టుకు నూనె రాసి కిందికి లాగిందట. తొలి కాన్పులోనే ఈ కూతురు తావెస్‌ను కని వర్దియా పోయింది. దేవుడి రాత అంది, కాన్పు చేసిన ఈ అవ్వే.

అతను వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"అవతలికి పో నాయనా, ఇది ఆడవాళ్ల పని."

"నూనె తేలేదు కదా అవ్వా?"

అవ్వ చేతులు ఆగాయి.

తావెస్ కొసలు నోట పెట్టుకుంది. అవ్వ ఉచ్చు ఎత్తింది. అది నుదురు దాటింది. అరెజ్కి ద్వారబంధం పట్టుకున్నాడు. నడినెత్తి అంచున దారం ఆగింది. అవ్వ లాగింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, తల మాత్రం కదలలేదు.

అప్పుడు చూశాడు. పెదవుల దగ్గర కొసలు లేవు. వేలెడు దారాన్ని నాలుకతో లోపలికి లాక్కుని దవడ పళ్లతో కరిచి పట్టి ఉచ్చును పొట్టి చేసింది. తనకు కనిపించింది అవ్వకు కనిపించదా? దారంతో అబద్ధమాడిన పిల్ల ఈడేరిందనే లెక్క. సాయంత్రానికల్లా మాట ఖాయం.

అవ్వ పిల్ల దవడ మీద బొటనవేలు ఆనించింది. "తెరువు" అంది.

తావెస్ తెరవలేదు. అవ్వ తలతిప్పి గుమ్మం వైపు చూసింది. అరెజ్కి కూడా చూశాడు. బతిమాలలేదు.

"మింగేస్తావే పిచ్చిదానా" అంది అవ్వ మెల్లగా. "ఊపిరాడక చస్తావు. వదులు. అయిపోయింది."

వాకిట్లోకి వచ్చి హమ్మూతో చెప్పింది. "దిగలేదు. పసిది. వచ్చే ఏడు అంజూరాలకు చూద్దాం."

"పసిదా? నా భుజం దాకా ఉంది."

"మీ ఇంట్లో భుజం కొలిచే ఆచారం ఉంటే పెట్టుకో."

హమ్మూ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కొలిచిన మనిషికి గుడ్లో పిండో ఇచ్చి పంపడం మర్యాద. అవ్వ కాసేపు ఆగింది. అరెజ్కి ఏమీ ఇవ్వలేదు. వర్దియాకు ఈమె ఇలాంటి ఒక్క ఏడాదైనా ఇవ్వలేదు.

లోపల తావెస్ ఇంకా దవడ బిగించుకునే ఉంది.

"వెళ్లారా నాన్నా?"

"వెళ్లారు."

"మళ్లీ వస్తారా?"

"వస్తారు" అన్నాడు. పట్టపగలే తలుపు గడియ పెట్టాడు.