రాగి అంచు బుట్ట

నేను ఒక బుట్టను. బుట్ట అనగానే మీకు వెదురు గుర్తుకొస్తుంది. నాలో వెదురు పుల్ల ఒక్కటి కూడా లేదు. జాంబియా దేశంలో పడమటి వైపు, మోంగు అనే ఊరి దగ్గర ఇసుక నేలల్లో మకెంగె అనే పొద పెరుగుతుంది. దాని వేళ్లే నా ఒళ్లు. ఆ వేళ్లు తవ్వే ఆడవాళ్లు అన్నీ పీక్కుపోరు, మొక్క చావకూడదని కొన్ని మట్టిలోనే వదిలేస్తారు. కాబట్టి నా పుట్టుక కోసం ఏ ప్రాణమూ పోలేదు. శాకాహారుల ఇంట్లో ఎనిమిదేళ్లు ఉన్నాను కనుక, ఇలాంటివి చెప్పుకోవడం నాకు అలవాటైంది.

నన్ను అల్లినామె పేరు ఇనొంగే. నెల రోజులు ఒళ్లో పెట్టుకుని, పాడుకుంటూ, మధ్యమధ్యలో మొగుణ్ణి తిట్టుకుంటూ అల్లింది. నల్లరంగు పట్టించిన మకెంగె వేళ్లతో నా నడుం చుట్టూ మెరుపులాంటి గీత తిప్పింది. ఆవాలు పోసి ఊపినా ఒక్కటి కూడా జారనంత బిగువు నా అల్లిక. ఇది గొప్పలకు చెప్పడం లేదు. తర్వాత ఒకావిడ నిజంగానే ఆవాలు పోసి చూసింది.

ఇనొంగే చెల్లెలు నన్ను మరో ఇరవైమందితో కలిపి తాడుకు కట్టి, బస్సు పైన వేసి కిట్వేకు తీసుకొచ్చింది. కిట్వే రాగి గనుల ఊరు. అక్కడ రోడ్డు పక్కన పరిచిన గోనెపట్టా మీద నన్ను చూసినవాడు పొట్నూరి అప్పలాచారి. ఊరు చోడవరం పక్కన. చదువు పదో తరగతి, ఆపైన ఐటీఐ. గనుల్లో మోటార్లు కాలిపోతే వాటికి కొత్త రాగితీగ చుట్టే వర్క్‌షాపులో పని. నుదుట కుంకుమబొట్టు, జేబులో మడత పెట్టిన లెక్కల కాగితం. నా అల్లిక మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరిపాడు. చేతిపని తెలిసినవాడని అప్పుడే పోల్చుకున్నాను. అలాంటివాడు ముప్పావు గంట బేరమాడాడు. రెండుసార్లు వెళ్లిపోయినట్టు నటించాడు, ఒకసారి నాకు వంకర ఉందన్నాడు. నాకు వంకర లేదు. చివరికి చెప్పిన ధరలో సగానికి నన్ను చంకకు తగిలించుకున్నాడు. ఆ అవమానం చాలాకాలం గుర్తుంది.

ఇంట్లో ఆయన భార్య సత్యవేణి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత డబ్బు పోసి బుట్ట తెచ్చారేటండీ? ప్లాస్టిక్ సంచి సాలదా?" అంది. ఆవాలు పోసి చూసింది ఆవిడే. చూశాక నన్ను వంటింటి గుమ్మం దగ్గర మేకుకు తగిలించింది.

ప్రతి శుక్రవారం పొద్దున్నే, పనికి వెళ్లేముందు, చారి నాతో మార్కెట్‌కు బయల్దేరేవాడు. మొదటిసారి టమాటా కుప్ప ముందు నిలబడి తిన్నగా "ఎంత?" అన్నాడు. అమ్మే ఆమె వినబడనట్టు పక్కకు చూసింది. ఆయన మళ్లీ అడిగాడు.

"రాత్రి ఎలా నిద్రపోయారని అడగరు, ఇంట్లోవాళ్లు బాగున్నారా అని అడగరు," అంది ఆమె. "ఈ టమాటాలకు నోరుంటే అవి కూడా మీతో మాట్లాడవు."

ఆ ఊళ్లో పలకరింపు ముందు, ధర తర్వాత. చారి సిగ్గుపడి చేతులు జోడించాడు. ఆమె తన అరచేతులు రెండూ మెల్లగా తట్టింది. అది వాళ్ల నమస్కారం. ఆమెను అందరూ బానా మ్వాపే అంటారు, మ్వాపే తల్లి అని. ఆమె ఆయన్ను మర్యాదగా బా చారి అని పిలిచేది. వాళ్లు మాట్లాడుకునేది సగం ఇంగ్లీషు, సగం అక్కడి బెంబా భాష. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

అదే రోజు ఇంకో వింత జరిగింది. పక్క గోనెపట్టా మీద నల్లగా ఎండినవేవో కుప్ప పోసి ఉన్నాయి. కాకరకాయ ఒరుగులనుకుని చారి గుప్పెడు తీసి నాలో పోసుకున్నాడు. మళ్లీ ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. దానికి కాళ్లున్నాయి. అవి గొంగళిపురుగులు, అక్కడివాళ్లకు మంచి కూర. బానా మ్వాపే నడుం పట్టుకుని నవ్వింది. చారి ఇంటికి వెళ్లి తలస్నానం చేసి, నన్ను కూడా మూడుసార్లు కడిగాడు. నేనేం తప్పు చేశానో ఇప్పటికీ తెలియదు.

అయినా ఆ మార్కెట్ ఆయన్ను గెలిచింది. టమాటాలు కొన్నాక బానా మ్వాపే పైన మరో రెండు వేసింది. దాన్ని వాళ్లు ఎంబసేలా అంటారు. చారి ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు. "వేణీ, ఈ దేశంలో కూడా కొసరుందే," అన్నాడు, పోగొట్టుకున్న వస్తువేదో దొరికినట్టు. మరో వారం ఎర్ర కాడల ఆకు ఒక కట్ట తెచ్చాడు. సత్యవేణి నాలో ముఖం పెట్టి వాసన చూసింది. అది గోంగూర. అక్కడివాళ్లు వేరుశెనగ పొడి వేసి వండుతారట. ఆ రోజు ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి చాలాసేపు పట్టింది.

మూడో ఏడు బస్టాండులో ఒక మేక నా అంచు కొరికేసింది. పారేయమంది సత్యవేణి. చారి వర్క్‌షాపులో మిగిలిన రాగితీగ ముక్కలు అడిగి తెచ్చాడు. ఒక ఆదివారమంతా కూర్చుని, మోటారుకు చుట్టినంత శ్రద్ధగా నా అంచు చుట్టూ తీగ కుట్టాడు. అప్పటినుంచి మార్కెట్లో నన్ను ఆపి చూడనివాళ్లు లేరు. అడుగు పడమటి ఊరిది, అంచు ఈ ఊరి గనిది, కుట్టు చోడవరానిది. ఇలాంటి బుట్ట ఇంకొకటి ఉంటే చూపించండి.

ఇక చారి నియమం సంగతి. ఏ వస్తువుకైనా బేరమాడే ఆ మనిషి పూజకు కొనేవాటికి మాత్రం బేరమాడడు. వాళ్ల నాన్న గుడి తలుపులు చెక్కిన వడ్రంగి. గుడి పనికి ఇంత కావాలని అడిగేవాడు కాదు, దేవుడికి కొనేటప్పుడు తగ్గించమనేవాడు కాదు. చారి కూడా ఇరవై రెండేళ్లుగా అలాగే నడుస్తున్నాడు. డబ్బున్నవాడు కాదు, చదువు గొప్పదీ కాదు. తనదని చెప్పుకోవడానికి ఆయనకున్నది ఆ ఒక్క నియమమే.

కిట్వేలో కొబ్బరికాయ కొనడమంటే మాటలు కాదు. టాంజానియా నుంచి లారీల్లో రావాలి. శుక్రవారం అమ్మవారి పూజకు ఒకటి ఉండాల్సిందే. చారికోసం బానా మ్వాపే ఎక్కడినుంచో వారానికి ఒకటి తెప్పించేది. టమాటాకు పోట్లాడి, వంకాయకు పోట్లాడి, కొబ్బరికాయ దగ్గరికి వచ్చేసరికి ఈయన నోరు మూసుకుని అడిగినంత ఇవ్వడం ఆమె గమనించింది. ఎందుకని అడిగింది. చెప్పాడు. అప్పటినుంచి ఆమె ఏది ఎత్తి పట్టుకున్నా ఒకటే ప్రశ్న.

"బా చారీ, ఇది మీకా, దేవుడికా?"

"ఉల్లిపాయలు దేవుడికెందుకమ్మా? నాకే."

"అరటిపళ్లు?"

చారి కాసేపు ఆలోచించేవాడు. "నాలుగు దేవుడికి, ఎనిమిది నాకు."

"అయితే నాలుగింటికి నోరెత్తకండి. మిగతా ఎనిమిదికి పోట్లాడుకుందాం."

ఏళ్ల తరబడి ఈ ఆట నడిచింది. ఆయన ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. ఆ సంగతికి నేనే సాక్షిని, అందుకు నాకెంతో గర్వంగా ఉండేది.

ఏడో ఏడు అక్టోబరులో క్వాచా విలువ పడిపోయింది. అక్కడి డబ్బును క్వాచా అంటారు. విశాఖలో నర్సింగు చదువుతున్న కూతురు శ్రీలేఖ ఫీజు రూపాయల్లో పంపాలి. అదే జీతం, పంపేసరికి మూడో వంతు తక్కువ. చారి జేబులోని కాగితం మీద కొట్టివేతలు ఎక్కువయ్యాయి. ఆ శుక్రవారం కొబ్బరికాయ నలభై క్వాచాలైంది.

"మీకా, దేవుడికా?" అంది బానా మ్వాపే, ఎప్పటిలాగే నవ్వుతూ.

చారి నావైపు చూశాడు. "నాకే. పచ్చడికి," అన్నాడు.

ఆమె నవ్వు ఆగింది. ఆయన ముప్పై అన్నాడు, ఆమె సరే అంది. కాయ నాలో పడింది. ప్రతి వారం తెలుగులోనే "కొసరు" అని అడిగే మనిషి, ఆ రోజు అది కూడా అడగలేదు.

కాయ కుళ్లిపోయి ఉంటే ఆయనకు కొంత ఊరటగా ఉండేదేమో. కానీ కొట్టగానే తెల్లగా, నిండుగా రెండు చిప్పలైంది. నీళ్లు తియ్యగా ఉన్నాయి. హారతి ఇచ్చి, చారి అక్కడే కూలబడ్డాడు. వంటింటి గుమ్మం దగ్గర వేలాడుతూ నేనంతా విన్నాను.

"ఏటైనాదండీ?" అంది సత్యవేణి. ఆయన చెప్పాడు.

"రేపు దీంతో పచ్చడే కదా సేసేది. అయితే మీరు ఆడింది సగం అబద్దమే."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వులాట కాదు. ప్రతి వారం అమ్మోరికి సూపించి మనమే తింటన్నాం. ఆ కాయ ఎవరిదో నాకూ తెలీదు, మీకూ తెలీదు."

"కాయ సంగతి అమ్మోరు సూసుకుంటాది. ఏడేళ్ల నుంచి నా మాట నమ్ముతున్న మనిషికి అబద్దం సెప్పాను. ఆ మనిషి మొగం ఎలా సూడాలి?"

సత్యవేణి హారతి పళ్లెం తీసి లోపల పెట్టింది. నేను నా బిగువు గురించి గొప్పలు పోవడం కొన్నాళ్లు మానేశాను.

మరుసటి శుక్రవారం చారి పది క్వాచాల నోటు విడిగా మడిచి పట్టుకుని వెళ్లాడు. బానా మ్వాపే చోటు ఖాళీగా ఉంది. అక్క చనిపోయిందట, కసామా అనే ఊరికి వెళ్లిందట. పక్కామె కొబ్బరికాయలు చూపించింది. చారి కొనలేదు. ఆ వారం పూజకు బెల్లం ముక్క పెట్టాడు. ఆ పై వారమూ బెల్లమే. మూడో వారం దూరంనుంచే ఆమె పసుపురంగు తలగుడ్డ కనిపించింది. చారి అడుగులు గబగబా పడి, దగ్గరికొచ్చేసరికి నెమ్మదించాయి.

పలకరింపులు అయ్యాయి. పోయిన మనిషి గురించి అడగాల్సినవన్నీ అడిగాడు. తర్వాత నోటు ముందు పెట్టాడు. "ఆ కాయ దేవుడికేనమ్మా. నీతో అబద్ధం చెప్పాను."

"తెలుసు," అంది ఆమె. "శుక్రవారం మీరు పచ్చడి కోసం ఎప్పుడు కొన్నారు?"

"మరి ఎందుకిచ్చావు?"

ఆమె టమాటాలు ఒక్కొక్కటే సర్దింది. "బా చారీ, దేవుడికి అని మీరు అన్న ప్రతిసారీ నేను రెండు క్వాచాలు ఎక్కువ చెప్పేదాన్ని. బేరమాడని మనిషి ఎక్కడ దొరుకుతాడు?"

చారి నోరు తెరిచాడు. "ఏడేళ్లూనా?"

"ఏడేళ్లూ. కానీ ఆ రెండూ నేను తినలేదు. ఆదివారం చర్చి కానుకలో వేసేదాన్ని. దేవుడి పేరు చెప్పి తీసుకున్నది ఇంట్లో పెట్టుకుంటే భయం కదా."

"అంటే మా అమ్మవారి డబ్బు మీ చర్చికి వెళ్లిందన్నమాట."

"మీ అమ్మవారు ఎప్పుడూ వచ్చి అడగలేదే."

మొదట నవ్వింది చారే. ఆ నోటు ఎటు వెళ్లాలని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి అది ఆదివారం కానుకకే వెళ్లింది. నాలో మాత్రం కొబ్బరికాయతో పాటు మూడు నిమ్మకాయలు కొసరుగా పడ్డాయి. అప్పటినుంచి దేవుడి ధర, మనిషి ధర అని రెండు లేవు. ప్రశ్న మాత్రం ఆగలేదు, అలవాటు కదా.

మరుసటి ఏడు వర్క్‌షాపు ఒప్పందం ముగిసింది. సామాన్లు తూకం వేసుకుంటూ సత్యవేణి నన్ను పెట్టెలో ఒకసారి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. ఎనిమిదేళ్ల కింద ప్లాస్టిక్ సంచి చాలదా అన్న మనిషి. చారి నన్ను బయటికి తీశాడు.

"బానా మ్వాపే వాళ్ల సర్చిలో కానుకలు ప్లాస్టిక్ బేసిన్లో పడతారంట వేణీ," అన్నాడు.

సత్యవేణి నా రాగి అంచు మీద వేలితో ఒకసారి రాసింది. "ఇచ్చీండి," అంది.

ఆఖరి శుక్రవారం చారి నన్ను ఖాళీగా బానా మ్వాపే ముందు పెట్టాడు. ఆమె అంచు చూసింది, ఆయన్ను చూసింది. కళ్లు తుడుచుకుని అడిగింది.

"బా చారీ, ఇది నాకా, దేవుడికా?"

"దేవుడికే. పచ్చడికి వాడకు," అన్నాడు చారి.

ఆమె ధర అడగలేదు, ఆయన చెప్పలేదు. సగం ధరకు కొన్న నన్ను బేరమే లేకుండా ఇచ్చేశాడు. పాత అవమానం ఆ రోజుతో తీరిపోయింది.

ఇప్పుడు నేను రేకుల కప్పున్న చిన్న చర్చిలో ఉంటున్నాను. ఆదివారం పాట మొదలవగానే నన్ను చేతులమీదుగా తిప్పుతారు. కిటికీ వెలుతురు పడితే నా అంచు మెరుస్తుంది. ఒక్క నాణెం కూడా ఇప్పటివరకు జారలేదు. ఇక్కడి దేవుడూ, చారి ఇంటి అమ్మవారూ ఒకరేనా, వేరా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఇద్దరి కానుకలూ నేనే మోశాను. బరువులో నాకు తేడా తెలియలేదు.

నేను బానా మ్వాపే దగ్గరికి వచ్చినప్పుడు ఆమె తన కానుక వేసి, దానిపైన ఒక అరటిపండు పెడుతుంది. కొత్తగా వచ్చిన పాస్టరుగారు కొన్ని వారాలు చూసి, ఒకరోజు ఉండబట్టలేక అడిగారు, "కానుక వేశావు కదమ్మా, ఈ పండెందుకు?" అని.

"అది కొసరు," అంది ఆమె, తెలుగులోనే.