నడుమెత్తున నిలిచిన గుడ్డ

పొందూరులో ధర్మారావు ఖాదీ దుకాణం తలుపులు తెరుచుకునే వేళకు ఆ ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ మడతల్లోకి వెళ్ళిపోయి ఉండేవి. అమ్మకానికి పెట్టిన పంచెలే కాదు, తుండుగుడ్డలూ, దిండు గలీబులూ, చివరకు పసిపిల్ల కింద వేసే పాత పంచె ముక్కలూ సైతం ఒకే కొలతకు, అంచు లోపలికి పెట్టి, అరచేతి వెడల్పున మడిచి ఉండవలసిందే. తరాలుగా బట్టలు అమ్ముకుంటున్న ఇంట్లో చేతులకు మరో మడత రాదు. ధర్మారావు కొడుకు ప్రదీప్, కూతురు పుట్టాక చాలా పనులు కొత్తగా నేర్చుకున్నాడు. ఆ మడత మాత్రం అతనికి నడకతో పాటే వచ్చింది.

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు అది. ప్రదీప్ భార్య అర్చన ఉపాధ్యాయ శిక్షణలో చివరి ఘట్టంగా విజయనగరంలోని ఒక బడిలో పాఠాలు చెబుతోంది. ఆ కొద్ది వారాలూ హాజరు తప్పితే అంతవరకు చదివినదంతా వృథా అవుతుంది. చంటిపిల్ల హైమ సీసా నోట పెట్టదు. అందువల్ల అర్చన పొద్దున్నే వెళ్ళిపోతే, ఎండ ఎక్కుతుండగా ప్రదీప్ పిల్లను భుజాన వేసుకుని వెనక బస్సులో బయలుదేరేవాడు. మధ్యాహ్న విరామంలో తల్లి దగ్గర పాలు తాగించి తిరిగి తీసుకువచ్చేవాడు. కిటికీలోంచి కనబడిన ప్రతి తాటిచెట్టునూ, ప్రతి గేదెనూ కూతురికి పరిచయం చేస్తూ పోయే ఆ ప్రయాణంలో, తన ఊరి దారినే తాను మొదటిసారి చూస్తున్నట్టు అతనికి ఒళ్ళంతా హుషారుగా ఉండేది.

చిక్కంతా బస్సు మారే స్టాండులోనే. అక్కడ ఆడవాళ్ళ వైపు చంటిపిల్లల కోసం ఒక గది ఉంది. అందులో నున్నటి బల్ల, ఫ్యాను, కుళాయి ఉన్నాయి. మగవాళ్ళ వైపు ఎప్పుడూ ఆరని నేల, చెయ్యి కడుక్కునే తొట్టి తప్ప మరేమీ లేవు. పిల్లను ఎక్కడ పడుకోబెట్టి గుడ్డ మార్చాలో ఆ గోడలు కట్టినవారికి తోచలేదు. ఆడవాళ్ళ గది వాకిట్లో పీట వేసుకుని గురమ్మ కాపలా కూర్చునేది.

"లోపల ఆడోళ్ళు పాలిస్తన్నారు బాబూ. నువ్వెలా వస్తావు?"

"నేను రాను పిన్నీ. ఆ బల్ల ఒక్కటీ బయటికి తోస్తావేటి?"

"గోడలో దిగేసిన బల్లని ఏటి తొయ్యమంటావు. పిల్ల తల్లెక్కడ?"

"బళ్ళో ఉన్నాది."

"మరి తల్లి దగ్గరుండాల్సిన పిల్ల నీ భుజం మీదెందుకున్నాది?"

ప్రదీప్ పిల్లను మరో భుజానికి మార్చుకుని బస్సు వైపు నడిచేవాడు. తడిసిన గుడ్డతోనే పిల్ల ఇల్లు చేరేది. ఒక గురువారం సాయంత్రం అతని తల్లి బుజ్జమ్మ ఆ గుడ్డ విప్పి చూసి, దీపం దగ్గరకు తెచ్చింది. పిల్ల తొడలు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"సూడు, ఒళ్ళెలాగైపోనాదో. మగోడు పిల్లనెత్తుకుని బస్టాండ్లంట తిరిగితే ఇలాగే ఉంటాది. రేపు కూడా ఇలాగే తెచ్చేవంటే ఇక అర్చన బడికెల్లదు. నేను సెప్తన్నాను."

అర్చన గోడ పక్కన కూర్చుని, పిల్లలకు చూపడానికి నాగావళి నది పటం గీస్తోంది. అత్త మాట విని, నది సముద్రంలో కలవకుండానే కుంచె కడిగి పక్కన పెట్టేసింది.

ఆ ఇంట్లో మరొక గుడ్డ ఉంది. ధర్మారావు తల్లి లక్ష్మణమ్మ, వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సొంతంగా వడికిన నూలుతో నేయించినది. ఆమె నూలు గుడ్డను ఎక్కడ పరిస్తే అక్కడే, గాలిలోనే, నిలిచిపోయేది. పొందూరులో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు; మంచి నూలంటే అంతేనంటారు. ఒకప్పుడు ఆమె గుడ్డలతో గుంజలు లేని పెళ్ళి పందిళ్ళు వేశారు; చీమలు ఎక్కడానికి దారి లేకుండా వడియాలు ఎండబెట్టుకున్నారు. చూపు తగ్గి ఆమె రాట్నం మానేశాక చివరకు ఒక్క కండువా మిగిలింది. శుక్రవారం శుక్రవారం దాని మీద నైవేద్యం పెట్టి, మళ్ళీ మడిచి దేవుడి అరలో దాచేది బుజ్జమ్మ. మైల తగిలితే ఆ గుణం పోయి గుడ్డ నేలపాలవుతుందని ఆమె నమ్మకం. తగిలించి చూసినవారు మాత్రం లేరు.

మర్నాడు శుక్రవారం. బుజ్జమ్మ ఆ కండువాను తడిపి, ఆరేసి, మడిచి, దీపం వెలిగించి వద్దామని చేతికందిన దొంతర మీద పెట్టి వెళ్ళింది. అది పిల్ల గుడ్డల దొంతర. బస్సు వేళయిందన్న కంగారులో ప్రదీప్ ఆ దొంతరను ఉన్నదున్నట్టుగా సంచిలో వేసుకున్నాడు. అన్నిటికీ ఒకటే మడత గనక అతని చేతికి తేడా తెలియలేదు.

స్టాండులో దిగేసరికి హైమ గుడ్డే కాదు, తండ్రి చొక్కా కూడా పాడు చేసింది. గురమ్మ వైపు చూడకుండా ప్రదీప్ నేరుగా మగవాళ్ళ వైపు నడిచాడు. పిల్లను ఎడమ భుజాన అదిమి పట్టి, కుడిచేత్తో సంచిలోంచి పైగుడ్డ తీసి, గిరాకీ ముందు పంచె విప్పే అలవాటు కొద్దీ మణికట్టు ఒక్క విసురు విసిరాడు. గుడ్డ విచ్చుకుంది. విచ్చుకుని, అతని నడుమెత్తున, ముడత లేకుండా గాలిలో నిలిచిపోయింది.

తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్న లారీ డ్రైవరు తలతిప్పి చూశాడు. సాలూరు మనిషి, పేరు నూకయ్య.

"పొందూరు గుడ్డా బావా?"

"అవును. మా మామ్మ వడికిన నూలు."

"సక్కటి నూలు," అని నూకయ్య మళ్ళీ మొహానికి సబ్బు రాసుకున్నాడు.

ప్రదీప్ మాత్రం పిల్లను దించకుండా భుజానే పట్టుకున్నాడు. నైవేద్యం పెట్టే గుడ్డ అది. ఇంటికి మిగిలిన ఒకే ఒక్కటి. దాని మీద ఈ పిల్లను, ఈ స్థితిలో పడుకోబెడితే అది నేల మీద పడుతుంది. పిల్ల కూడా పడవచ్చు. పడుకోబెట్టకపోతే సాయంత్రం దీపం దగ్గర ఆ తొడలు మళ్ళీ ఎర్రగా కనబడతాయి, ఆ పటంలో నది సముద్రానికి చేరకుండానే ఆగిపోతుంది.

"ఏటాలోచిస్తన్నావు? పిల్ల ఆగుతాదేటి?" అన్నాడు నూకయ్య.

కింద ఒక చెయ్యి ఆన్చి పట్టుకుని, ప్రదీప్ పిల్లను మెల్లగా దించాడు. ఒడిలాగా గుడ్డ కొద్దిగా వంగింది. వంగి, ఆగింది. మైల తగిలింది, మరక పాకింది, గుడ్డ కదలలేదు. అతను కింద నుంచి చెయ్యి తీసేశాడు. హైమ పైకప్పు వైపు చూసి కాళ్ళు రెండూ ఆడిస్తూ కేరింతలు కొట్టింది. ఆ కేరింత అతని కడుపులోంచి వచ్చినట్టే అనిపించింది.

నూకయ్య చెంబుతో నీళ్ళు పోశాడు. ప్రదీప్ కడిగాడు, తుడిచాడు, పొడి గుడ్డ కట్టాడు.

"లారీకి పట్టా కట్టినట్టు కట్టేవు గాని, పర్లేదు, జారదు."

"మీ పిల్లలకి నువ్వు కట్టేవేటి?"

"నేను ఇంటికెల్లేసరికి ఆళ్ళు లాగులు తొడిగేసుకున్నారు," అన్నాడు నూకయ్య, చెంబు నింపుకుంటూ.

అంతలో గుమ్మంలో ఎవరో దగ్గారు. మనవడిని చంకనేసుకున్న ముసలాయన. "అదయిపోతే మాకూ ఓపాలి..." అన్నాడు మొహమాటంగా. ఆయన వెనుక, ఏడుస్తున్న పిల్లవాడితో ఒక కుర్రతండ్రి. అతని వెనుక కవలలను చెరో భుజాన వేసుకున్న మరొకడు. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఏ గోడ చాటున, ఏ బస్సు వెనుక సీటులో నెట్టుకొచ్చారోగాని, కబురు పంపి పిలిచినట్టు వచ్చి నిలబడ్డారు. గుడ్డ మీద నీళ్ళు పోస్తే కిందికి కారిపోయి క్షణంలో ఆరుతోంది. ఒకరు పిల్లను పట్టుకుంటే ఒకరు నీళ్ళందించారు. ముసలాయన అందరికీ ముడి వెయ్యడం చూపించాడు. "ఒరే, కాళ్ళు పట్టుకోరా, తల కాదు" అని ఒకరు, "నీ కొడుకు నా జేబు తడిపేశాడు బావా" అని మరొకరు. మరుగుదొడ్డి గదిలో పెళ్ళివారి సందడి పుట్టింది.

బస్సు హారను మోగింది. ప్రదీప్ గుడ్డ అంచు పట్టుకుని మడవబోయాడు. ఎంత లాగినా అంచును అంచు కలవలేదు. పుట్టి బుద్ధెరిగాక అతని చేతికి లొంగని గుడ్డ అదొక్కటే. దాన్ని అక్కడే వదిలి, పిల్లతో పరుగెత్తి బస్సెక్కాడు.

ఆ సాయంత్రం బుజ్జమ్మ పిల్ల గుడ్డ విప్పి చూసింది. ఎరుపు తగ్గుముఖం పట్టింది. పొద్దున పూజ వేళ నుంచి కండువా కోసం ఇల్లంతా వెతుకుతున్న మనిషి, కాసేపటికి మళ్ళీ దేవుడి గదిలోంచి వచ్చింది.

"కండువా ఏదిరా?"

ప్రదీప్ దాచలేదు. జరిగినదంతా చెప్పేశాడు. మంచం మీంచి లక్ష్మణమ్మ అంది: "అక్కడ పనున్నాది గావాల, అందుకే దిగనేదు."

"మైల గుడ్డ నిలబడతాదేటి అత్తా? రేపు నేనెల్తాను. అది నేల మీద పడుంటే మాత్రం, అర్చన సదువు మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు."

మర్నాడు స్టాండులో ప్రదీప్ పిల్లతో లోపలికి వెళ్ళాడు. వెనకే అడుగు వేసిన బుజ్జమ్మను గురమ్మ ఆపింది.

"అటు మగోళ్ళదమ్మా. నువ్వెల్లకూడదు."

"నా గుడ్డున్నాది లోపల."

"ఉంటే ఉన్నాది. ఆడమనిషివి, ఎలా ఎల్తావు?"

బుజ్జమ్మ సంచి పట్టుకుని గుమ్మం బయటే నిలబడింది. ఎండ నెత్తిమీద ఉంది. లోపల నీళ్ళ చప్పుడు, పసివాళ్ళ ఏడుపులు, ఏదో మగగొంతులో వచ్చీరాని జోలపాట. తన కొడుకు ఇన్నాళ్ళూ ఇలాగే అవతలి గుమ్మం ముందు నిలబడ్డాడన్నది ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మనవడితో బయటికొచ్చిన ముసలాయనను ఆపి అడిగింది.

"గుడ్డ ఉన్నాదా బాబూ?"

"ఉన్నాదమ్మా. అయిదుగురున్నారు వరసలో."

"కింద పడనేదా?"

"అదెందుకు పడతాది?" అన్నాడాయన, ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోతూ.

ప్రదీప్ బయటికి వచ్చాడు. బుజ్జమ్మ మనవరాలి కింద చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. ఆమె సంచిలోంచి కొన్ని పాత పంచె ముక్కలు తీసి, ముసలాయన చేతిలో పెట్టి, లోపల గుడ్డ లేనివాళ్ళకు ఇమ్మంది. గురమ్మ చూసి, తన పీటను రెండు గుమ్మాలకూ మధ్యకు జరుపుకుంది.

"నువ్వు బస్సెక్కు," అంది బుజ్జమ్మ కొడుకుతో. "దాని తల్లి పాలియ్యడానికి ఎదురు సూస్తంటాది. నేనింటికెల్లి ఆ రంగులు నానబెట్టి ఉంచుతాను. సాయంత్రం వచ్చినాక నదిని సముద్రం దాకా గియ్యమని సెప్పు."