మూడు చుక్కలు పొడిచేదాకా

శుక్రవారం పొద్దు వాలుతుండగా, విశ్రాంతి దినం మొదలవుతోందని కొమ్ము ఊదారు. జెర్బా దీవి యూదుల పేటలో వెండిపని దుకాణాల తలుపులు ఒక్కటొక్కటే మూసుకున్నాయి. ఖమూస్ సుత్తి పక్కన పెట్టి తాళం వేశాడు. అతని దుకాణంలో ఒక్కరికే చోటు. కొడుకు హయీం పదేళ్ళుగా గడప మీద కూర్చునే పని చేస్తున్నాడు. పక్కనున్న బీషీ దుకాణం దొరికితే నడిమి గోడ తీసేయాలని ఖమూస్ కోరిక.

మర్నాడు ప్రార్థన ముగిశాక మందిరం మెట్ల మీద ఎవరో గొణిగారు. బీషీ పని మానేస్తున్నాడట. ఆదివారం పొద్దున్నే దుకాణం బట్టల వర్తకుడికి ఇచ్చేస్తాడట.

"ఒరేయ్, విశ్రాంతి దినాన బేరాల మాటలేంటి! మూడు చుక్కలు పొడిచేదాకా ఆగు!" అని ఒక ముసలాయన గదిమాడు.

బీషీ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఖమూస్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

ఇంట్లో, నిన్నటి నుంచి పొయ్యి మీదే ఉన్న గోధుమల కూర ముందు అతని చెయ్యి కదల్లేదు.

"ఏమైంది?" అంది భార్య మసౌదా.

"ఇవాళ చెప్పకూడదు."

"దుకాణమేగా! నోరు మూసుకుని మొహంతో బేరమాడుతున్నారు."

"మరి చీకటి పడేదాకా ఏం మాట్లాడను?"

"పెళ్ళి మాటలకి అడ్డు లేదుగా. బీషీ కూతురు ఘజాలా కోసం మనవాడు ఏడాదిగా ఆ వీధి అరగదీస్తున్నాడు. మీకు వెండి తప్ప ఏం కనిపిస్తుంది?"

హయీం తల దించుకున్నాడు. ఖమూస్ చటుక్కున లేచాడు.

"పద!"

"కూర్చోండి. దుకాణం మనసులో పెట్టుకుని బయల్దేరితే నేను రాను. మనం వెళ్ళేది పిల్లని అడగడానికి."

ఖమూస్ కొడుకు వంక చూశాడు.

"పోతే పోనీ దుకాణం," అని కూర్చుని, రెండుసార్లు వడ్డించుకు తిన్నాడు.

బీషీ ఇంట్లో సంగతి విని ఘజాలా బాదం పళ్ళెం తెచ్చింది. "అడగడానికి ఏడాది పట్టిందా?" అంది హయీంతో. బీషీ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సరే బావగారూ, మరి అల్లుడు ఎక్కడ కూర్చుని పని..." అంటూ చప్పున నాలిక కరుచుకున్నాడు.

"ఇవాళ వద్దు బావగారూ!" అన్నాడు ఖమూస్.

సాయంత్రం అందరూ డాబా ఎక్కారు. రెండు చుక్కలు పొడిచాయి.

"మూడోది ఎక్కడ చచ్చిందో!" అంది మసౌదా.

అదీ పొడిచింది. విశ్రాంతి దినానికి వీడ్కోలుగా దీపం వెలిగించి, ద్రాక్షరసం మీద దీవెన చదివాక బీషీ లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి ఖమూస్ చేతిలో పెట్టాడు.

"మరి బట్టలాయన?"

"నిన్న మాట ఇవ్వబోయాను. ఇంతలో కొమ్ము ఊదారు."