సెలవులో ఉన్నావుగా

పాప బట్టలు ఆరేస్తూ, క్లిప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. "సెలవులో ఉన్నావుగా, తీరిగ్గా ఆరేసుకో," అన్నారు వెనకనుంచి అత్తయ్య. వెటకారం కాదు. నిజంగానే నాకు బోలెడు తీరిక ఉందనుకుంటున్నారావిడ. స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ప్రసూతి సెలవు పెట్టాక ఒకటీ ఒకటీ కూడే ఓపిక కూడా లేకుండా పోయింది. పాలిస్తాను, గుడ్డలు మారుస్తాను, జోకొడతాను, అన్నీ వేరెవరి చేతులతోనో చేస్తున్నట్టు. ఒకరోజు స్నానం చేయిస్తుంటే, ఈ చేతులు వదిలేస్తేనో అనిపించింది. అప్పటినుంచి నన్ను చూస్తే నాకే భయం.

ఆ మాట మా ఆయనకి చెబితే, ఫోన్లోంచి తల ఎత్తకుండానే, నిద్ర చాలక అన్నారు. అమ్మకి చెబితే, మేమంతా కనలేదా అంది. చివరికి టీకాకి వెళ్ళినప్పుడు పాప డాక్టరుతోనే చెప్పుకున్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి విన్నారు. కాన్పయ్యాక చాలామందికి వచ్చేదే, నయమవుతుంది, ఆలస్యం మాత్రం చేయొద్దని చెప్పి, అదే ఆసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. ఆ మనసు డాక్టరు చూసేది బుధవారం పొద్దున ఒక్కపూటే. ఒక బుధవారం మా ఆయనకి మీటింగు, మరో బుధవారం అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి. పాపని ఎత్తుకునేవాళ్ళు లేరు.

"అయినా పిచ్చి డాక్టరు దగ్గరికెళ్ళావని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు ఆయన.

ఆ నలుగురిలో ఒక్కరైనా వచ్చి పాపని గంటసేపు చూసుకుంటారా అని అడగబోయి, పాప గుడ్డలు మార్చడానికి లేచాను.

తర్వాతి బుధవారం పాపకి కడుపునిండా పాలిచ్చి, సీసా, గుడ్డలు సంచిలో సర్ది, బస్సెక్కి ఆయన ఆఫీసుకి వెళ్ళాను. నన్ను చూడగానే కంగారుగా లేచారు.

"ఏమైంది? పాపకి బాగాలేదా?"

"పాప బాగుంది. నాకే బాగాలేదు."

పాపని ఆయన చేతుల్లో పెట్టి, సంచి బల్లమీద పెట్టాను.

"ఇంకాసేపట్లో మీటింగుంది," అన్నారు గొంతు తగ్గించి.

"ఎత్తుకునే కూర్చోండి. నేను ఎత్తుకునే వంట చేస్తున్నాను."

పక్క సీటావిడ ఆయనకి తన కుషను అందించింది. మెట్లు దిగుతుంటే పాప ఏడుపు వినిపించింది. కాళ్ళు వెనక్కి లాగాయి. రెయిలింగు గట్టిగా పట్టుకుని కిందికే దిగాను.

ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది.

"పేషెంటు ఎవరండీ?"

"నేనే," అన్నాను, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.