నల్వోగా కుట్టు

నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని కిబిరంగో చట్రానికి కాన్వాసు లాగి బిగిస్తున్నాడు. మేకు నోట్లోంచి చేతికి, చేతిలోంచి చెక్కకు. ఆపైన సుత్తి దెబ్బ ఒక్కటే. కంపాలా పక్క కొండ మీది ఈ చిత్రకారుల ఇంట్లో మొదట్నుంచీ అతని పని అదే. నైరోబీ నుంచో కిగాలీ నుంచో చిత్రకారులు వస్తారు, మూడు నెలలుండి బొమ్మలు గీసుకుంటారు, మన కొండంత చల్లని చోటు లేదని పొగిడి పోతారు. చట్రాలు మాత్రం ఎప్పుడూ కిబిరంగోవే. పొట్టి మనిషి, వంగిన వెన్ను. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి కింద పడి నల్లబడింది, మళ్లీ తెల్లబడలేదు.

"ఏమయ్యోయ్! సాయంత్రం బొమ్మలు చూడ్డానికి జనం వస్తున్నారు. నువ్వేమో పెళ్లివారింట్లో కూర్చున్నట్టు కూర్చున్నావ్!" అని మేనేజరు ముక్వాయా కిటికీలోంచి అరిచాడు.

మేకులు నోట్లో ఉన్నాయి కనుక జవాబు చెప్పక్కర్లేదు. ఆ సుఖం కోసమే వాటిని నోట్లో పెట్టుకుంటాడని వంటామె అంటూ ఉంటుంది.

ఆ పొద్దున ఇంట్లో భార్య నల్వోగా రెండు గుక్కల గంజి తాగి గిన్నె పక్కకు తోసేసింది. చూపు పోయింది, కాళ్లు పోయాయి. నోరు మాత్రం పోలేదు.

"నా గుడ్డ భద్రంగా ఉందా?" అని రోజూ అడిగే మాటే అడిగింది.

"ఉందే. ఎక్కడికి పోతుంది?"

"నన్ను బజారు గుడ్డలో చుట్టావంటే ఊరుకోను, చెప్తున్నా."

"పోయాక కూడా సాధిస్తావా?"

"సాధించకేం!"

పెళ్లైన ఏడాది ఆమె పుట్టింటి ముటుబా చెట్టు పట్ట వలిచి, కొయ్యసుత్తితో సాగగొట్టి అతనే చేసిన నారగుడ్డ అది. కొమ్మ ఉన్నచోట కన్నం పడితే నల్వోగా మాసికేసి నారతో కుట్టింది. కుట్టడం బొత్తిగా రాని మనిషి. కుట్టు దారి తప్పిన చీమల బారులా వంకర్లు తిరిగింది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. మట్టిలోకి వెళ్లేటప్పుడు తనకు అదే చుట్టాలని ఆమె ఆనాడే మాట తీసుకుంది. ఇంటికప్పు కురుస్తుందని అతను ఆ చుట్టను చిత్రకారుల ఇంటి సామాన్ల గదిలో దాచాడు. ఒక్కసారీ విప్పి చూడలేదు. బతికున్న మనిషి గుడ్డ విప్పితే చావును కేకేసి పిలిచినట్టేనని వాళ్లవాళ్ల నమ్మకం.

మధ్యాహ్నం వాంజా వచ్చింది. మచాకోస్ నుంచి బొమ్మలు గీయడానికి వచ్చిన పిల్ల, ఆరిన బొమ్మను బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. "తాతా, నువ్విచ్చిన పాతగుడ్డే ఇది. జాగ్రత్తగా బిగించవూ?"

కిందటి నెల ఆమె పాత నారగుడ్డ కావాలంటే అతనే సామాన్ల గది అరలోంచి తీసిచ్చాడు. అక్కడ రెండు చుట్టలున్నాయి. నల్వోగాది కిందిదనుకుని పైది ఇచ్చాడు.

బొమ్మను బోర్లా పరిచి చట్రం పెట్టబోతే, వెనకవైపు మాసిక కనిపించింది. దాని చుట్టూ వంకర కుట్టు.

నోట్లో మేకులు నేల మీద రాలిపడ్డాయి.

"ఏమైంది తాతా?"

"ఈ కుట్టు... నా భార్య కుట్టింది తల్లీ."

"నిజంగా! ఈ కుట్టు చూశాకే నాకు బొమ్మ తోచింది తెలుసా? సాయంత్రం ఆమెని తీసుకురా."

"మంచం దిగలేదమ్మా."

ఇది ఆమెకు చుట్టాల్సిన గుడ్డని చెప్పి ఏం లాభం? ఎర్రరంగు వెనక్కి కూడా దిగిపోయింది. రంగు పడ్డ గుడ్డను మట్టి ఒప్పుకోదు. సుత్తి తీసుకుని ఒక్కో మేకూ కొట్టాడు, ఈసారి మూడేసి దెబ్బలు. చట్రం వెనక మిగిలిన రంగంటని అంచును కత్తితో కోశాడు. బెత్తెడు పేలిక వచ్చింది.

"ఇది తీసుకోనా?"

"చెత్తేగా, తీసుకో తాతా."

పొద్దు వాలకముందే ఇల్లు చేరాడు. ఆమె అడగకుండానే పేలిక చేతిలో పెట్టాడు. నల్వోగా వేళ్లు ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాయి, మళ్లీ వెనక్కి నడిచాయి.

"కుట్టేదీ?"

అబద్ధం చెబుదామనే దారంతా అనుకుంటూ వచ్చాడు. నోరు రాలేదు. "దాని మీద ఒక పిల్ల బొమ్మ గీసింది. నేనే ఇచ్చాను. ఏ చుట్ట నీదో విప్పి చూసుకోలేదు. నా చేతులు విరిగిపోనూ."

"ఏం బొమ్మ?" అంది.

"నీళ్ల బిందె మోసే ఆడమనిషి. నీ కుట్టు ఆమె భుజం మీద పడింది."

"వంకరగానే ఉందా?"

"వంకరగానే."

ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు. "అయితే బజారు గుడ్డే నాకు" అని గోడవైపు తిరిగింది.

కిబిరంగో పొయ్యి దగ్గర కూర్చుని అరటికాయ ముద్ద వేడిచేశాడు. ఆకులో పెట్టుకుని వచ్చి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. భుజం పట్టి తిప్పబోతే బరువుగా తగిలింది. మొహం గోడవైపే ఉంది. పేలిక మాత్రం పిడికిట్లో ఉంది. విడదీయబోయి మానేశాడు. కోపమో, ఇంకేమిటో, అడుగుదామంటే ఇప్పుడు ఆ నోరూ పోయింది. ముద్ద పక్కన పెట్టి, దుప్పటి ఆమె పాదాల మీదకు లాగి, బజారు కట్టేసేలోగా గుడ్డ కొనాలని లేచాడు.

ఆ వేళకు కొండ మీద దీపాలు పెట్టారు. జనం బొమ్మ ముందు గుమిగూడారు. ముట్టుకోవద్దని ముక్వాయా అంటూనే ఉన్నాడు. అయినా ఎవరో ఒకరు వేలు చాచి, బిందె మోసే మనిషి భుజం మీది వంకర కుట్టును ఆ కొస నుంచి ఈ కొసకు తడుముతూనే ఉన్నారు.