ఐసుపెట్టెలో మందు

కాలికి చేప ముల్లు గుచ్చుకున్న సంగతి నాకు తెలియనే తెలియదు. తొంభై ఎనిమిది వేసవిలో ఒకనాడు చేపలమ్ముకుని జాలరిపేటకొచ్చి కూలబడితే, గడప మీద నెత్తురు చూసి మా మావ అరిచాడు. మావ అంటే నా మొగుడు ఎల్లారావు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. పుండు నల్లబడ్డాక సర్కారు ఆసుపత్రికి వెళితే సుగరన్నారు, దానివల్లే కాలు మొద్దుబారిందన్నారు.

"కాలు నిలవాలంటే రోజూ ఈ ఇంజక్షన్ పొడుచుకో కాసులమ్మా. సీసా ఫ్రిజ్‌లో పెట్టు," అంది నర్సమ్మ.

మా రేకుల పాకలో ఫ్రిజ్జట. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఒళ్ళు మండింది. నోరెత్తితే ఆ సీసా కూడా ఇవ్వరేమోనని గమ్మునున్నాను.

బయటికొచ్చి చెబితే మావ నవ్వేశాడు. "ఓసి పిచ్చిదానా, మనకి సల్లదనానికేటి లోటు? సేపలకున్న ఐసు నీకు నేదా?"

ఆనాటి నుంచీ సీసా ఆయన చేపల ఐసుపెట్టెలోనే ఉండేది. వేట లేని రోజున కూడా రేవుకెళ్ళి ఐసు అడిగి తెచ్చేవాడు. చలవ బాగా పడుతుందని, చేపలకు కలిపినట్టే ఆ ఐసులో ఉప్పు కలిపేవాడు. పొద్దున్నే సీసా తీసి, అరచేతుల మధ్య పెట్టి కరిగించి ఇచ్చేవాడు. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అంత అపురూపంగా చూడలేదు.

పుండు మాత్రం పైకి పాకింది. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. మావ వరండాలో ఉండిపోయాడు. డాక్టరు నా సీసాను వెలుతురుకి ఎత్తి చూశాడు. లోపల తెల్లటి పలుకులు తేలుతున్నాయి.

"ఎక్కడ పెట్టావమ్మా?"

"ఐసులో బాబూ."

"గడ్డకట్టిన మందు పనిచెయ్యదు. ఇన్నాళ్ళూ పొడుచుకున్నది వృథా. తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టినా సరిపోయేది." కాలు మోకాలి కింద నుంచి తీసెయ్యాలన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ఆ కాలు ఎప్పుడో నాది కాకుండా పోయింది.

వరండాలో మావ లేచి నిలబడ్డాడు. ఐసు పగలగొట్టి పగలగొట్టి ఆయన వేళ్ళు చీలిపోయి ఉన్నాయి.

"ఏటన్నాడే?"

"మందుకి లొంగలేదట మావా. కాలు తీసేత్తారట."

తన చీలిన వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నాను ఐసు సరిగ్గా ఎయ్యనేదేటే?"

"బాగానే ఏసినావు మావా," అన్నాను.